నిమ్మకాయ జంక్షన్

సిరవారకు రైలు లేదని చెప్పేవాళ్ళు చెన్నకేశవరావు ఇంటికి వెళ్ళి ఉండరు. రైలుంది. రాయచూరులో బయలుదేరి, చంద్రబండలో ఒక క్షణం ఆగి, బంగారు గనుల హట్టి వైపు పోయే పట్టాను పక్కకు వదిలేసి, బస్తాల గది ఈ మూల నుంచి ఆ మూలకు ప్రయాణించి సిరవార చేరుతుంది. దారిలో రెండు వంతెనలు, ఒక సొరంగం, పచ్చరంగు కలిపిన రంపపు పొట్టుతో చేసిన వరి చేలు ఉన్నాయి. ఆ చేలల్లో నీళ్ళు ఏడాది పొడుగునా తళతళలాడుతుంటాయి, ఎందుకంటే అవి అద్దం ముక్కలు. నిజం సిరవార రైతులు వచ్చి ఆ చేలను చూసి నిట్టూర్చి వెళుతుంటారు.

చెన్నకేశవరావు కూడా రైతే. తణుకు పక్కన పుట్టాడు. తుంగభద్ర కాలువ వస్తోందని విని వాళ్ళ నాన్న కుటుంబాన్ని, రెండు ఎడ్లను, ఒక ఆవకాయ జాడీని వెంటేసుకుని ఇటు వచ్చినప్పుడు ఆయనకు ఊహ తెలిసీ తెలియని వయసు. రాయచూరు దాకా రైల్లో కిటికీ పక్కన కూర్చుని రాజకుమారుడిలా వచ్చాడు. అక్కడ దింపి బండి ఎక్కించేసరికి గొల్లుమన్నాడు.

"రైలు మనూరిదాకా ఎందుకు రాదు నాన్నా?"

"పట్టాల్లేవురా."

"అయితే వేయించు."

"ముందు చేను దున్ననీ, తర్వాత వేయిద్దాం."

చేను దున్నడం అయ్యేసరికి యాభై ఏళ్ళు దాటింది.

అంత ఆలస్యానికి కారణం నీళ్ళు. వాళ్ళ క్యాంపు, అంటే కోస్తా నుంచి వలసొచ్చిన రైతులు కట్టుకున్న ఊరు, ఉన్నది కాలువ చివర్న, టెయిలెండులో. తుంగభద్ర నీళ్ళు పైవాళ్ళ పొలాలు తడిపి, పైవాళ్ళ గేదెలను కడిగి, వాళ్ళ ట్రాక్టర్లను కూడా కడిగి, ఇంకా ఓపిక మిగిలితే సిరవార వైపు చూస్తాయి. ఒక ఏడు వచ్చిన నీళ్ళు ఎంత పల్చనంటే, వాటితో పాటు ఒక చేప నడుచుకుంటూ వచ్చిందని చెన్నకేశవరావు ఒట్టేసి చెబుతాడు. దానికి కాళ్ళెక్కడివని ఎవరైనా అడిగితే, "టెయిలెండు చేప కదండీ, అలవాటైపోయింది" అంటాడు.

ఇక పట్టాలు వేయించడానికి ముహూర్తం ఎలా కుదిరిందంటే, రాయచూరు బ్యాంకులో పనిచేసే కూతురు పావని తన కొడుకు పుట్టినరోజుకు ఒక బొమ్మ రైలు కొనిచ్చింది. ఆ పిల్లవాడు పెట్టె తెరిచి చూసి, ట్రాక్టరు కావాలని ఏడ్చాడు. ట్రాక్టర్లతో విసిగిపోయిన తాత ఆ రైలును రెండు చేతులతో ఎత్తుకుని బస్తాల గదిలోకి పోయాడు. తరువాత బెంగళూరు నుంచి బస్సుల మీద పార్సిళ్ళు రావడం మొదలైంది. మొదట ఒక వంకర పట్టా, ఆ తరువాత స్టేషను, ఆ తరువాత వేలెడంత స్టేషను మాస్టరు. చివరికి గదిలో ఒక మహా బల్ల లేచింది. గదిలోని ధాన్యం బస్తాలు వరండాలోకి, టార్పాలిన్ కిందికి నడిచాయి.

బొమ్మ రైలుకు పట్టా వేయడం బ్రహ్మవిద్య కాదు. విద్యంతా పట్టా రెండుగా చీలేచోట ఉంది. దాన్ని పాయింటు అంటారు. అక్కడ రెండు సన్నని లోహపు నాలుకలు అటూ ఇటూ జరిగి రైలుకు దారి చూపిస్తాయి. వాటిని జరపడానికి బల్ల కింద ఒక చిన్న మోటారు ఉంటుంది. మోటారని పేరే గాని అది తిరగదు. రెండు తీగచుట్టలు, మధ్యన ఒక కడ్డీ, అంతే. ఈ బొత్తాం నొక్కితే ఈ చుట్ట లాగుతుంది, ఆ బొత్తాం నొక్కితే ఆ చుట్ట లాగుతుంది. 'ఠక్'మంటుంది, దారి మారుతుంది.

ఆ తీగల్లో కరెంటును చెన్నకేశవరావు నీళ్ళ లెక్కన అర్థం చేసుకున్నాడు. అది తప్పేమీ కాదు, కాన్వెంటు బళ్ళలో సిస్టర్లు కూడా అలాగే చెబుతారు. కాకపోతే ఆయనకు తెలిసిన కాలువ సిరవార కాలువ. రాయచూరు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అక్కడి నుంచి ఒకే సన్నటి తీగ బయలుదేరదీసి, పాయింటు పాయింటుకూ పిల్లకాలువ తవ్వినట్టు చీల్చుకుంటూ సిరవార దాకా లాక్కొచ్చాడు. తరువాత తూము చక్రం పట్టుకున్నట్టే బొత్తాం పట్టుకున్నాడు. తూము చక్రాన్ని ఎవరూ ఒక్క క్షణం తిప్పి వదిలేయరు గదా! బొత్తాన్ని మాత్రం నొక్కి వెంటనే వదలాలి. లేకపోతే చుట్ట కాలుతుంది.

వంటింట్లోంచి భార్య శ్యామలాదేవి కేకేసింది. "ఏమండీ, ఇంత పొద్దున్నే సాంబ్రాణి ఎవరేశారు?"

"మనింట్లో కాదులే శ్యామలా, చంద్రబండలో."

చంద్రబండకు కొత్త మోటారు వచ్చింది. బొత్తాం మీంచి వేలు చటుక్కున తీయడం కూడా వచ్చింది. కాని సిరవార పాయింటు మాత్రం కదల్లేదు.

ఆ సమయంలో చూడ్డానికి వచ్చినవాడు సిద్దప్ప. బస్టాండు ఎదురుగా ట్రాక్టరు సామాన్ల దుకాణం ఆయనది. పుట్టి పెరిగింది రాయచూరు పట్నంలో, తాతముత్తాతలదీ అక్కడే. ఆయన నోట్లో ఒక మాట తెలుగులో బయలుదేరి, ఉర్దూలో ఆగి చాయ్ తాగి, కన్నడంలో దిగుతుంది. చెన్నకేశవరావు ఒక్కొక్క బొత్తామే నొక్కి చూపిస్తుంటే ఆయన చెవి బల్లకానించి విన్నాడు.

"ఏంది రావు సావ్కార్! రాయచూర్ల ఠక్ అన్నది. బరాబర్. చంద్రబండల టక్ అన్నది. అదీ బరాబరే. గీ సిరవారకొచ్చేసరికి చీమ తుమ్మినట్టు అంటున్నదేంది?"

"అదే చూస్తున్నానండి."

"చూసుడేంది, నాకు సమజైంది. నీళ్ళకు టెయిలెండే, ఇంట్ల కరెంటుకు గూడ టెయిలెండేనా! మీరు యాడ కాపురం పెడితే ఆడ్నే కాలువ అయిపోతది చూడు సావ్కార్!"

సిద్దప్ప నవ్వు బస్టాండు దాకా వినిపించిందని, అది విని లింగసుగూరు బస్సు ఒకటి టైముకు ముందే బయలుదేరిందని అంటారు. చెన్నకేశవరావుకు మాత్రం ఆ మాట గుండెల్లో ముల్లులా దిగింది, ఎందుకంటే అది నిజం. అంత పొడుగు సన్నతీగలో పోతూ పోతూ బలమంతా దారిలోనే అయిపోతోంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి పెట్టాడు. రాయచూరు పాయింటు ఎగిరిపడిన ఊపుకు స్టేషను మాస్టరు ప్లాట్‌ఫారం మీంచి బోర్లా పడ్డాడు. సిరవార మళ్ళీ తుమ్మింది. కాలువకు నీళ్ళు ఎక్కువ వదిలితే పైవాడి గట్టు తెగుతుంది గాని చివరివాడి చేను తడవదని ఆయనకు తెలియనిది కాదు. ఆశ, అంతే.

అదే వారం శ్యామలాదేవి బస్తాల మాట ఎత్తింది. వరండాలో ఎలుకలు టార్పాలిన్‌కు కిటికీలు పెట్టుకున్నాయి. ఆవిడ గరిటె పట్టుకునే గదిలోకి వచ్చింది.

"ఏమండీ, ఈ గది బస్తాలకు కట్టించిందా, బొమ్మలకు కట్టించిందా?"

"బొమ్మ అనకు. ఇదీ ఒక యంత్రమే."

"యంత్రమైతే కదలాలి కదా! ఆయుధపూజ నాడు ఈ ఇంట్లో కదిలే ప్రతిదానికీ నేను బొట్టు పెడతాను. ట్రాక్టరుకి పెడతాను, మందుకొట్టే పంపుకి పెడతాను, నా మిక్సీకి పెడతాను. ఆ రోజు పూజయ్యాక అందరి ముందూ మీ రైలు రాయచూరులో బయల్దేరి సిరవారలో ఆగిందనుకోండి, అదీ పనిముట్టే. గది దానిదే, ఇంక నోరెత్తను. ఆగలేదనుకోండి, తెల్లారేసరికి బల్ల బయటికి, బస్తాలు లోపలికి."

"తెల్లారితే విజయదశమి కదే."

"అందుకేగా. మంచిరోజు."

గది పోతే రైలు పోయినట్టే. ఆ మహా బల్ల ఇంకే గుమ్మంలోనూ పట్టదు. పట్టించాలంటే రంపం కావాలి. చెన్నకేశవరావు బల్ల కింద వెల్లకిలా పడుకుని సిరవార పాయింటు పొట్టవైపు చూస్తూ ఆలోచించాడు. కాలువ చివరివాడికి నీళ్ళు రాకపోతే ఏం చేస్తాడు? అర్జీ పెట్టుకుంటాడు. ఇక్కడ ఎవరికి పెట్టుకోవాలి, తనకే. ధర్నా చేస్తాడు. అదీ చేస్తూనే ఉన్నాడు, బల్ల కింద. ఇక మిగిలింది ఒకటే. పైవాళ్ళు చేసే పని, తాను జన్మంతా తిట్టిన పని, పెద్దకాలువలోకి ఎవరికీ చెప్పకుండా నేరుగా సొంత పైపు దింపడం.

పాడైన బోరు మోటారు కేబులు పశువుల కొట్టం చూరులో చుట్టచుట్టి ఉంది. బొటనవేలంత లావు, మూడు తీగలు, ఎరుపు, పసుపు, నీలం. పాయింటు మోటారుకు కావలసినవి కూడా మూడే. రెండు చుట్టలకు రెండు, తిరిగి రావడానికి ఒకటి. ఆ కేబులును బల్ల కింద కొండచిలువలా పరిచి, మధ్యలో ఎవరికీ ఒక చుక్క ఇవ్వకుండా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నుంచి తిన్నగా సిరవారకు తెచ్చి కలిపాడు. బొత్తాం నొక్కాడు.

'ఠక్!'

నాలుకలు పక్కకు దూకాయి. రైలు సిరవారలోకి వచ్చి ఆగింది. చెన్నకేశవరావు కళ్ళు తుడుచుకుంటుండగా సిద్దప్ప గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బల్ల కిందికి వంగి కేబులును చూశాడు.

"గిదేంది సావ్కార్? పైపేసినవా?"

"పైపు కాదండి, వైరు."

"హౌదు, హౌదు. పైన పొలాలోళ్ళు గూడ గట్లనే అంటరు."

ఆయుధపూజ రోజు పొద్దున్నే చెన్నకేశవరావు తలుపేసుకుని ఒంటరిగా రైలు నడిపి చూసుకున్నాడు. వెళ్ళింది, ఆగింది, తిరిగొచ్చింది. పాయింటును మళ్ళీ హట్టి వైపుకు మార్చిపెట్టి తృప్తిగా స్నానానికి పోయాడు. క్యాంపు జనం ఒక్కొక్కరే వచ్చారు. సిద్దప్ప, ఆయన భార్య శరణమ్మ మల్లెపూల బుట్టతో వచ్చారు. పావని వచ్చింది. ట్రాక్టరుకు బంతిపూల దండ పడింది. మందుకొట్టే పంపు, పారలు, కొడవళ్ళు, మిక్సీ, చివరికి కరెంటు పోతే వేసే ఇన్వర్టరు, అన్నిటికీ పసుపు కుంకుమ దిద్దారు. ట్రాక్టరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు నడిపారు. అందరూ బస్తాల గదిలోకి వచ్చారు.

శ్యామలాదేవి పందెంలో అవతలి పక్షమే గాని పూజలో పక్షపాతం చూపించే మనిషి కాదు. ఇంజనుకు ఆవగింజంత బొట్టు పెట్టింది. హారతి ఇచ్చింది. పళ్ళెంలోంచి నిమ్మకాయ తీసి చక్రాల ముందు పెట్టింది. నిమ్మకాయ వెనక ఇంజను కనబడకుండా పోయింది.

సిద్దప్ప ఊరుకుంటాడా! "వదినమ్మా, ఉల్టా అయింది. గీ నిమ్మకాయకే ఇంజను అడ్డం పెట్టి తొక్కించాలె!"

శరణమ్మ మోచేత్తో ఆయన్ని పొడిచింది. "జర నోరు మూసుకుంటవా, పూజ ఐతున్నది."

"నేనేం తప్పన్నా? నడిచే నసీబుంటే నడుస్తది. నాకైతే నమ్మకం లేదు."

ఆ మాటతో శ్యామలాదేవి చెయ్యి ఆగింది. దిష్టి! ఇంతమంది కళ్ళు, పైగా ఈయన నోరు. నిమ్మకాయను ఇంజను చుట్టూ మూడుసార్లు తిప్పి, సగానికి కోసి, కుంకుమ అద్దింది. దిష్టి తీసిన నిమ్మకాయను ఎక్కడ వేయాలో తెలియని ఆడది క్యాంపులో లేదు. మూడు దారులు కలిసేచోట వేయాలి. ఆవిడ బల్ల మీద అటూ ఇటూ వెతికింది. రాయచూరు నుంచి ఒక దారి వస్తోంది. ఒకటి హట్టికి పోతోంది, ఒకటి సిరవారకు పోతోంది. ఇంతకన్నా చక్కటి మూడు దార్ల కూడలి ఇంకెక్కడ దొరుకుతుంది? సరిగ్గా సిరవార పాయింటు మీద నిమ్మచెక్కలు రెండూ పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆఖరి చుక్క దాకా పిండింది.

చెన్నకేశవరావు చెయ్యి ముందుకు చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆయుధపూజ నాడు, ఇంతమందిలో, దిష్టి తీస్తున్న ఇల్లాలి చెయ్యి పట్టుకునే మొగవాడు తుంగభద్రకు ఈ ఒడ్డున లేడు, ఆ ఒడ్డునా లేడు. పిండడం అయ్యాక ఆవిడే పాత గుడ్డతో పట్టాలు తడి లేకుండా తుడిచింది. హమ్మయ్య అనుకున్నాడు.

"ఇక నడపండి" అంది.

రైలు రాయచూరులో కూత పెట్టి కదిలింది. చంద్రబండ దాటింది. చెన్నకేశవరావు సిరవార బొత్తాం నొక్కి చటుక్కున వేలు తీశాడు. 'ఠక్'మంది. రైలు పాయింటు దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, హట్టి వైపు వెళ్ళిపోయింది.

"బంగారం దిక్కుకు పోయింది!" అన్నాడు సిద్దప్ప. "సిరవారల ఏమున్నదని వస్తది?"

మళ్ళీ వెనక్కి తెచ్చాడు. మళ్ళీ హట్టికే పోయింది. పులిహోర విస్తళ్ళు గదిలోకే వచ్చాయి. జనం తింటూ చూస్తున్నారు. శ్యామలాదేవి గుమ్మం కొలుస్తున్నట్టు అటువైపు ఒక చూపు చూసింది. రంపం ఎక్కడుందో ఆవిడకు గుర్తుందని ఆయనకు తెలుసు.

చెన్నకేశవరావు పట్టుపంచె ఎగగట్టి బల్ల కింద దూరాడు. కేబులు చివర్న చిన్న బల్బు తగిలించి చూశాడు. భగ్గున వెలిగింది, నీళ్ళకు లోటు లేదు. చంద్రబండ తీగలు విప్పి సిరవారకు, సిరవార కేబులు చంద్రబండకు మార్చి తగిలించాడు. తీగల తప్పయితే రోగం తీగలతో పాటు చంద్రబండకు పోవాలి. పోలేదు. చంద్రబండ హాయిగా 'ఠక్'మంది, సిరవార మొరాయించింది. అయితే తప్పు తీగది కాదు. కడ్డీ లాగుతోంది, పైన నాలుకలే రావడం లేదు. తీగలు యథాస్థానానికి మార్చి, పాకుతూ బయటికి వచ్చి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి పాయింటు మీదికి వంగాడు.

నాలుకకూ పక్క పట్టాకూ మధ్య, కుంకుమలో స్నానం చేసి, ఎర్రగా, జారుగా, నిమ్మగింజ ఒకటి ఇరుక్కుని కూర్చుంది.

ఆయన నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. చెబితే గది దక్కుతుంది. కాని ఏమని చెప్పాలి? శ్యామల పూజ అడ్డమొచ్చి రైలు ఆగిందని, పండగ పూట, క్యాంపంతా వింటుండగా చెప్పాలి. ఆ మాట వచ్చే ఏడు ఆయుధపూజ దాకా, ఆ తరువాత తన తద్దినం దాకా కూడా ఇంట్లో తిరుగుతుంది. చెప్పకపోతే పొద్దున్నే రంపం. చెన్నకేశవరావు పైకప్పు వైపు చూడసాగాడు.

"ఏమైంది సావ్కార్? దొరికిందా?" అన్నాడు సిద్దప్ప నోట్లో పులిహోరతో.

"ఏం లేదండి. ఏమీ లేదు."

తన మొగుడు పైకప్పు చూశాడంటే నేల మీద ఏదో దాస్తున్నాడని శ్యామలాదేవికి పెళ్ళయిన నాటి నుంచీ తెలుసు. వచ్చి ఆయన వంగినచోటే వంగింది. చూసింది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి మొగుణ్ణి చూసింది. ఆయన ఇంకా పైకప్పుకేసి చూస్తున్నాడు, అక్కడేదో కొత్త సాలెగూడు కట్టినట్టు. గది ఆవిడ చేతిలోకి వచ్చేసింది. మాట్లాడకుండా పక్కకు తప్పుకుంటే చాలు.

శ్యామలాదేవి జడలోంచి పిన్ను లాగింది. గింజను పొడిచి పైకి తీసి, పిన్ను చివర అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"చూశారా! అన్నయ్యగారి దిష్టి అంతా దీంట్లోకి దిగింది. ఎంత ఎర్రగా ఉందో చూడు శరణమ్మా. నేను నిమ్మకాయ పిండబట్టి గింజతో పోయింది గాని, లేకపోతే ఇంజనే పేలిపోయుండేది!"

శరణమ్మ మొగుడి వైపు తిరిగింది. "నేను జెప్పలే? నీ నోరు మంచిది గాదని!"

"అరె, నేనేం జేసిన?" అన్నాడు సిద్దప్ప. ఆయన చేతిలో పులిహోర విస్తరి అలాగే ఉండిపోయింది. క్యాంపంతా ఆయన్ని దోషిని చూసినట్టు చూసింది. ఆయన జన్మలో మొదటిసారి వాక్యం మూడు భాషల్లో ఏదీ దొరక్క ఆగిపోయింది.

"ఇప్పుడు నొక్కండి" అంది శ్యామలాదేవి మొగుడితో.

'ఠక్.'

రైలు సిరవారలోకి తిన్నగా వచ్చి, వేలెడంత స్టేషను మాస్టరు ఎదుట ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. చెన్నకేశవరావు భార్య వైపు చూసి ఏదో అనబోయాడు. ఆవిడ కళ్ళతోనే వారించింది.

విజయదశమి నాడు రంపం బయటికి రాలేదు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు శ్యామలాదేవి. రైలు పనిముట్టేనని పొద్దున్నే అందరికీ చెప్పింది. పనిముట్టు ఉండేది పనిముట్ల గది. కాబట్టి మధ్యాహ్నానికి మందుకొట్టే పంపు, పారలు, తాళ్ళు, బోరు మోటారు, టార్పాలిన్, ఆ టార్పాలిన్ కింది బస్తాలు కూడా ఆ గదిలోకే వచ్చాయి. చెన్నకేశవరావు అడ్డుపడబోతే, "గది దానిదే అన్నాను. దాని చుట్టాలు రాకూడదని అన్నానా?" అంది.

ఇప్పుడు రైలు బస్తాల కొండల మధ్య నుంచి పోతుంది. హట్టి దగ్గర కొండ పంట అమ్మినప్పుడు తరుగుతుంది, కోత అయ్యాక మళ్ళీ పెరుగుతుంది. భూగోళంలో అలాంటి కొండ ఇంకెక్కడా లేదు.

శ్యామలాదేవికి ఇంకా రైలు మీద దిష్టి భయం పోలేదు. ప్రతి అమావాస్యకూ నిమ్మకాయ పట్టుకొస్తుంది. అందుకని చెన్నకేశవరావు బల్ల అంచున, అసలు పట్టాలకు దూరంగా, ఇంకో పాయింటు బిగించాడు. మూడు దారులు శుభ్రంగా కలుస్తాయి. ఏ దారీ ఎక్కడికీ పోదు. పక్కన పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో 'నిమ్మకాయ జంక్షన్' అని రాసిపెట్టాడు. ఆవిడ అమావాస్య అమావాస్యకూ అక్కడే పిండుతుంది. దానికి తీగ లేదు, మోటారు లేదు, బొత్తాం లేదు. బల్ల మీద ఉన్న పాయింట్లన్నిటిలో ఇంతవరకూ ఒక్కసారి కూడా చెడిపోనిది అదొక్కటే.